డేరాలో దొర... దూరాన దొరసాని

మా అవ్వది పత్తికొండ. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు ఇచ్చారంటే చాలు, మమ్మల్ని కర్నూలు బస్సెక్కించి అక్కడికి పంపేసేవాళ్ళు. సాయంత్రం ఎండ చల్లారాక అవ్వ మా చేతులు పట్టుకుని ఊరి బయటికి తీసుకుపోయేది. దారిలో చింతచెట్లు కనిపిస్తే చాలు, మన్రో దొర కథ మొదలయ్యేది. గుర్రం మీద ఊరూరా తిరిగాడనీ, రైతుతో కరణం లేకుండా నేరుగా మాట్లాడాడనీ, ఇంక వాళ్ళ దేశం వెళ్ళిపోతూ మనవాళ్ళను ఒక్కసారి చూసి పోదామని వచ్చి, ఇక్కడే డేరాలో వాంతిభేదులతో చచ్చిపోయాడనీ చెప్పేది. కథంతా అయ్యాక ప్రతిసారీ ఒకే మాట అడిగేది. మరి ఆయప్ప పెండ్లాం యాడుండె, అని. ఎవర్ని అడిగేదో తెలీదు. మాకా జవాబు తెలీదు. పలకా బలపం పిల్లలకు దొరసాని సంగతి ఏం తెలుస్తుంది?

మన్రో గురించి మన చరిత్ర పుస్తకాల్లో ఉండేదల్లా రైత్వారీ పద్ధతి, దత్తమండలాలు, పాళెగాళ్ళు. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. అందులో ఇల్లాలు లేదు, పిల్లలు లేరు. ఆయన చనిపోయిన మూడేళ్ళకు, 1830లో, గ్లీగ్ అనే ఆయన మన్రో జీవిత చరిత్రను ఆయన ఉత్తరాలతో సహా అచ్చువేశారు. చాలా ఏళ్ళ తర్వాత ఆ పుస్తకం నా చేతికొచ్చింది. అధికారిగా రాసినవి పక్కన పెట్టి ముందు ఇంటికి రాసినవి చదివాను. అప్పుడు తెలిసింది, అవ్వ అడిగిన ప్రశ్న చిన్నది కాదని.

థామస్ మన్రో పుట్టింది 1761 మే నెలలో, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసే షావుకారు. అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం వచ్చి వ్యాపారం మునిగిపోయింది. బతుకుతెరువు కోసం కొడుకు కంపెనీ పటాలంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. చిన్నప్పుడు తట్టు పోసి ఒక మోస్తరు చెవుడు వచ్చింది. వినపడని మనిషి, ముక్కూ మొహం తెలియని దేశం, అప్పుడే హైదర్‌అలీతో యుద్ధం. చిన్న జీతంలోంచే కష్టపడి మిగిల్చి తల్లిదండ్రులకు పంపేవాడు.

ఇంటికి రాసిన ఉత్తరాల్లో చాలా భాగం అక్కచెల్లెళ్ళలో ఎర్స్కిన్ అనే ఆమెకు రాసినవి. వాటిలో ఒక ఉత్తరం నాకు బాగా నచ్చింది. ఇండియాకు పోయిన దొరలంతా బంగారు ఊయల్లో ఊగుతారని అక్కడివాళ్ళు అనుకుంటుంటే, తన సంగతి చెబుతాడు. ఏళ్ళతరబడి దిండు ఎరగననీ, నాలుగు కర్రల మీద బిగించిన కాన్వాసు గుడ్డ మీద, ఏదో పుస్తకమో, తూటాల సంచో తలకింద పెట్టుకుని పడుకునేవాణ్ణనీ రాశాడు. తమాషాగానే రాశాడు. కానీ ఆ ఉత్తరం చదివిన ఆడపిల్ల కళ్ళు తుడుచుకోకుండా ఉంటుందా?

1792 నుంచి ఏడేళ్ళు తమిళనాట బారామహల్‌లో పన్నుల పని. అక్కడ ధర్మపురిలో ఆయనకొక తోట ఉండేది. దాన్ని ప్రాణంగా చూసుకున్నాడు. బదిలీ అయినప్పుడు ఆ తోటను వదల్లేక వదిలాడు. ఇల్లూ వాకిలీ లేని మనిషికి మొక్కలే సంసారం. తర్వాత కెనరాలో ఏడాదికి పైగా. 1800 అక్టోబరులో నిజాం నవాబు కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను, కర్నూలు సీమలో పెద్ద భాగాన్ని కంపెనీకి దత్తం చేసేశాడు. కర్నూలు పట్నమూ చుట్టుపక్కల కొంత సీమా మాత్రం 1839 దాకా అక్కడి నవాబు చేతిలోనే ఉన్నాయి. ఆ దత్తమండలాలకు ముఖ్య కలెక్టరుగా మన్రో వచ్చాడు. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. పెళ్ళి కాలేదు.

ఏడేళ్ళు ఇక్కడున్నాడు. ఉన్నాడంటే ఒక బంగళాలో ఉన్నాడని కాదు. ముఖ్య కచేరీ అనంతపురంలో ఉన్నా, మనిషి బతుకంతా డేరాలోనే. ఇవాళ ఒక ఊరి చింతల కింద, రేపు ఇంకో ఊరి చెరువు గట్టు పక్కన. కాపలా సిపాయిల్ని వెంటేసుకుని పోవడం ఆయనకు ఇష్టం లేదు. సిపాయిని చూస్తే రైతు ఊరొదిలి పారిపోతాడు, మాట్లాడడు అని ఆయన లెక్క. ఊళ్ళోకి కలెక్టరు రాగానే జనం చుట్టూ మూగి తమ కష్టాలన్నీ ఏకరువు పెట్టేవాళ్ళు. చెవుడున్న మనిషి పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా అందరి గోడూ వినడం తలచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. తీరిక దొరికితే ఈత కొట్టేవాడు.

మన సీమ సంగతి తెలిసిందే. వాన ఒక ఏడాది పడితే రెండేళ్ళు పడదు. నల్లరేగడి మీద జొన్నలు, సద్దలు, ఎర్రనేలల్లో కొర్రలు, ఏటి పక్కన నాలుగు మళ్ళు. మన్రో ఉన్న ఏడేళ్ళలోనే ఒక పెద్ద కరువు వచ్చిపోయింది. ఆ నేలనంతా కొలవడానికి పూనుకున్నాడు. కొలిచేవాళ్ళ చేతిలో 33 అడుగుల గొలుసు ఉండేది. ఆ గొలుసు పొడవు, ఆ గొలుసు వెడల్పు కలిస్తే ఒక గుంట. నలభై గుంటలు ఎకరం. ఇప్పుడు మనం సెంట్లలో చెప్పుకుంటున్నాం గానీ, ఆ గొలుసు మన చేలమీద తిరిగిన చప్పుడు మూడు నాలుగు తరాలు వినిపించింది. పొలానికి ఇంత శిస్తని కట్టి, ఎవరి పేరున వాళ్ళకు పట్టా ఇచ్చాడు. రైతుకీ సర్కారుకీ మధ్యన ఎవడూ ఉండకూడదన్నది ఆయన పట్టుదల.

అలాగని మన్రోను దేవుణ్ణి చేసి కూచోబెట్టను. ఆయన కంపెనీ కొలువులో ఉన్న మనిషి. శిస్తు వసూలు చేసి మద్రాసుకు పంపడమే ఆయన ఉద్యోగం. ఆ శిస్తు భారమైనదే. మా పత్తికొండకు కూతవేటు దూరం కాకపోయినా దగ్గరిలోనే ఉంది తెర్నేకల్లు. 1801లో ఆ ఊరివాళ్ళు శిస్తు కట్టమని ఎదురు తిరిగితే పటాలం పోయింది. మొదటిసారి ఊరివాళ్ళే కోటమీదినుంచి తిప్పికొట్టారు. రెండోసారి పెద్ద పటాలంతో వచ్చి ఊరిని పట్టుకున్నారు. ఆ ఊరి ఆడవాళ్ళు పడ్డ దుఃఖం ఏ దస్తావేజులోనూ లేదు. దాదాపు ఎనభైమంది పాళెగాళ్ళను కూడా అణిచేశారు. కొందర్ని వెళ్ళగొట్టారు, కొందరికి పింఛన్లు ఇచ్చి కూచోబెట్టారు. ఒకరిద్దరి విషయంలో మరీ కఠినంగా పోయాడని లండన్ పెద్దలే మన్రోను తప్పుపట్టారు. అలా పింఛను మీద బతికిన కుటుంబంలో పుట్టినవాడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కాడు.

మరి జనం మన్రోను ఎందుకు తలచుకున్నారు? నాకు తోచిన జవాబు ఒకటే. పోతూ పోతూ 1807లో ఆయన పైవాళ్ళకు ఒక నివేదిక రాశాడు. నేను కట్టిన శిస్తు ఎక్కువైంది, నాలుగో వంతు తగ్గించండి అని దాని సారాంశం. తోట భూములకు మూడో వంతు తగ్గించమన్నాడు. తాను చేసిన పనిలో తప్పుందని తానే చెప్పే అధికారి ఎంతమంది ఉంటారు చెప్పండి! అప్పుడు ఎవరూ వినలేదు. ఆయన పోయాక శిస్తును కంట్రాక్టుకు ఇచ్చి ఊళ్ళను పీల్చి పిప్పిచేశారు. పదమూడేళ్ళ తర్వాత తానే గవర్నరై వచ్చి, ఆ నాలుగో వంతు తగ్గింపు తానే అమలు చేశాడు.

ఆ ఏడేళ్ళ కాలానికి చెందిన కథ ఒకటి తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో ఇప్పటికీ చెబుతారు. మఠం మాన్యాన్ని సర్కారు వెనక్కి తీసుకునే విచారణకు మన్రో వచ్చాడట. టోపీ, బూట్లు తీసి లోపలికి పోయి, రాఘవేంద్రస్వామి బృందావనం ముందు నిలబడి ఎవరితోనో మాట్లాడాడట. వెంట ఉన్నవాళ్ళకు ఎవరూ కనిపించలేదు. బయటికొచ్చి మాన్యం అలాగే ఉండనిమ్మన్నాడు. భక్తులు చెప్పే కథ ఇది. మా అవ్వ మాత్రం, చెవుడు మనిషికి స్వామి మాట వినపడిందా లేదా అన్న దగ్గరే ఆగి నవ్వేది.

1807 చివర సెలవు మీద స్వదేశం బయల్దేరాడు. వచ్చి 27 ఏళ్ళు. అక్కడ అయిదారేళ్ళు పార్లమెంటు ముందు సాక్ష్యాలు, కంపెనీ చార్టరు పని. ఇన్నాళ్ళకు, 1814 మార్చి 30న, పెళ్ళి చేసుకున్నాడు. ఎయిర్‌షైర్‌లో క్రెయిగీ హౌస్ అనే ఇంటి ఆడపడుచు జేన్ క్యాంప్‌బెల్. పెళ్ళికొడుక్కి 53 నిండవస్తున్నాయి. పెళ్ళికూతురు ఆయనకన్నా ఎంతో చిన్నది, అందగత్తె. ఇరుగూ పొరుగూ ఏమనుకున్నారో మనం ఊహించుకోవచ్చు. మన దగ్గరైతే రచ్చబండ మీద వారంరోజులు ఇదే మాట!

పెళ్ళయిన కొద్ది వారాలకే ప్రయాణం. న్యాయశాఖను సరిదిద్దే పని మీద మన్రోను మళ్ళీ మద్రాసు పంపారు. అప్పట్లో సూయజ్ కాలువ లేదు, అది 1869లో వచ్చింది. ఆఫ్రికా ఖండమంతా చుట్టుకుని ఓడ రావాలి. నాలుగైదు నెలలు నీళ్ళమీదే. మద్రాసులో రేవు కూడా లేదు. ఓడ దూరంగా ఆగితే, తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో అలలమీద ఎగిరిపడుతూ ఒడ్డుకు రావాలి. కొత్తకోడలు జేన్ ఆ సెప్టెంబరులో అలాగే మద్రాసు ఇసుక మీద కాలుపెట్టింది. హనీమూన్ అంటే ఇప్పుడు మనకు ఊటీ, కొడైకెనాల్. వాళ్ళకు ఆ ఓడే.

మూడేళ్ళు గడిచేసరికి మరాఠాలతో యుద్ధం వచ్చింది. 56 ఏళ్ళ మన్రో మళ్ళీ కత్తి పట్టి ధార్వాడ వైపు పోయాడు. గెలిచాడు గానీ కళ్ళు దెబ్బతిన్నాయి. ఇక చాలనుకుని 1819 జనవరిలో ఆలుమగలిద్దరూ ఓడెక్కారు. అప్పుడు జేన్ గర్భిణి. ఓడ సముద్రం మధ్యలో ఉండగానే, మే నెలలో, మొదటి కొడుకు పుట్టాడు. ఒక్కసారి తలచుకోండి. పుట్టిల్లు లేదు, అమ్మ లేదు, కాన్పుకు నీళ్ళు కాచే మనిషి లేదు. కింద చూస్తే నీళ్ళు, పైన చూస్తే ఆకాశం. నాకు ఈ దంపతుల సాహసాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేననిపిస్తుంది. మన్రో యుద్ధాల గురించి పుస్తకాలున్నాయి. ఈ కాన్పు గురించి ఒకటి రెండు వాక్యాలున్నాయి.

ఇల్లు చేరి ఊపిరి పీల్చుకోకముందే మద్రాసు గవర్నరు పదవి వచ్చింది. పోవాలా వద్దా? పోయారు. పసిబిడ్డను అంత దూరం, ఆ ఎండలకు తీసుకురావడం ఎవరూ మంచిదనరు. తెల్లవాళ్ళ పిల్లలు ఇక్కడి జ్వరాలకు రాలిపోతున్న రోజులవి. బిడ్డను అక్కడే తమవాళ్ళకు అప్పగించి తల్లి మొగుడి వెంట ఓడెక్కింది. మొగుడా, బిడ్డా అన్న ప్రశ్న ఆమెకు మొదటిసారి అప్పుడు ఎదురైంది.

1820 జూన్ 10న మన్రో గవర్నరయ్యాడు. గవర్నరంటే రాజు లెక్క. అయినా ఆయన పాత మోస్తరు బట్టల్లో, ఏ హంగూ లేకుండా తిరిగేవాడు. కోటలో, పట్నంలో ఇద్దరికీ ఊపిరాడలేదు. గిండీలో అడవి అంచున ఉన్న ఇంటిని 1821లో సర్కారు కొన్నది. ఇప్పుడది తమిళనాడు గవర్నరు నివాసం. ఎక్కువ రోజులు అక్కడే కాపురం. పొద్దున్నా సాయంత్రమూ ఇద్దరూ తోటలో నడిచేవాళ్ళు. ఆమె మొక్కలు పెంచింది, దారులు వేయించింది. ధర్మపురి తోటను వదులుకున్న మనిషికి పాతికేళ్ళ తర్వాత మళ్ళీ ఒక తోట, ఈసారి పక్కన మనిషితో సహా దొరికింది. 1823లో రెండో కొడుకు క్యాంప్‌బెల్ పుట్టాడు. ఆ పసివాడి ఆటలే ముసలి గవర్నరుకు తీరికవేళ కాలక్షేపం.

ఈ రోజుల్లోనే చేసిన రెండు పనులు మన పేజీ పాఠకులకు చెప్పాలి. గవర్నరైన కొత్తలో మద్రాసు కాలేజీలో కుర్ర దొరలకు జనం భాష నేర్చుకోమని ఆయన గట్టిగా చెప్పాడు. అది విన్నవాళ్ళలో ఒకడు ఆ ఏడే కడపకు ఉద్యోగానికి వచ్చాడు. అతనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తర్వాత బ్రౌన్ తెలుగుకు చేసిన మేలు వేరే చెప్పక్కర్లేదు. రెండోది, 1822లో రాజధాని అంతటా బడులెన్ని, చదివేవాళ్ళెందరు అని కలెక్టర్లందర్నీ లెక్క అడిగాడు. 1826 మార్చిలో ఆ లెక్కల మీద రాశాడు. కోటీ 28 లక్షల పైచిలుకు జనానికి 12,498 బడులు తేలాయి. ఆడపిల్లల సంగతీ అందులో ఉంది. రాజుల ఇళ్ళలోనూ, దేవదాసీలలోనూ తప్ప చదువుకునే ఆడవాళ్ళు లేరనే చెప్పాలని తేలింది. సంసారుల ఇంట్లో ఆడపిల్లకు అక్షరం లేదు. మా అవ్వకు చదువు రాకపోవడానికి వందేళ్ళ ముందు లెక్క అది.

ఇంతకీ ఇల్లు చేరాలన్న ఆశ. 1823లోనే నన్ను వదిలెయ్యండని మన్రో రాశాడు. సముద్రం అవతల పెద్దవాడు అమ్మానాన్నల మొహం తెలియకుండా పెరుగుతున్నాడు. కానీ 1824లో బర్మా యుద్ధం మొదలైంది. మద్రాసు నుంచి పటాలాలు, బియ్యం, పశువులు పోవాలి. మధ్యలో వదిలేసి పోవడం మర్యాద కాదని ఆగిపోయాడు. ఆ ఆగడమే కొంప ముంచింది. 1826లో చిన్నవాడికి ఒంట్లో బాగోలేదు, స్వదేశానికి తీసుకుపోవాల్సి వచ్చింది. మొగుడా, బిడ్డా అన్న ప్రశ్న జేన్‌కు రెండోసారి. ఈసారి బిడ్డ వైపు పోయింది. ఇంకొన్ని నెలల్లో నేనూ వచ్చేస్తాను కదా అన్నాడాయన. ఇద్దరూ నమ్మారు.

ఆ తర్వాత ఆమెకు రాసిన ఉత్తరాలు చదువుతుంటే గవర్నరు కనిపించడు. గిండీ తోటలో ఒంటరిగా నడిచే ముసలాయన కనిపిస్తాడు. ఆమె పెంచిన మొక్కలు ఎలా ఉన్నాయో, ఏ దారిలో నడిచినా ఆమె ఎలా గుర్తొస్తోందో, పిల్లవాడి సందడి లేక ఇల్లు ఎంత బోసిగా ఉందో రాశాడు. అరవై అయిదేళ్ళ మనిషి! ఆ ఏడాదే దక్షిణాదికి పర్యటన పోయి నీలగిరులెక్కాడు. ఊటీలో కలెక్టరు సలివన్ ఇంట్లో దిగాడు. ఆ కొండలు, ఆ చలి, ఆ పచ్చిక అన్నీ భార్యకు వివరంగా రాశాడు. కొత్త చోటు చూసినప్పుడు పక్కన ఉండాల్సిన మనిషి లేకపోతే, చూసిందంతా మూటకట్టి ఆ మనిషికి పంపాలనిపిస్తుంది. కడుపులో ఉండే బాధ అది.

బర్మా యుద్ధం అయిపోయింది. రాజీనామా మళ్ళీ పోయింది. కానీ కొత్త గవర్నరు ఎవరన్నది లండన్‌లో తేలలేదు. నెలలు గడిచాయి. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఎటూ ఆగాను కదా, నా పాత సీమను ఒక్కసారి చూసి వస్తానన్నాడు. 1827 మే చివర మద్రాసునుంచి బయల్దేరాడు. ఎండలు మండే కాలం. ఆయనకు కావాలంటే ఊటీ ఉంది. వచ్చింది మన రాళ్ళ సీమకు.

ఇక్కడ కడప జిల్లావాళ్ళు ఇంకో కథ చెబుతారు. వేంపల్లి దగ్గర పాపాఘ్ని నది రెండు కొండల్ని చీల్చుకుని వచ్చేచోట గండి ఆంజనేయస్వామి ఉన్నాడు. రాముడు వచ్చినప్పుడు వాయుదేవుడు ఆ రెండు కొండలకీ బంగారు తోరణం కట్టాడట. అది మామూలు కళ్ళకు కనిపించదు. పుణ్యాత్ములకు, అదీ చావు దగ్గరపడ్డవాళ్ళకు కనిపిస్తుంది. మన్రో తలెత్తి, అదేమిటి ఆ బంగారు తోరణం అని అడిగాడట. వెంట ఉన్న నౌకర్లు మొహాలు చూసుకున్నారట. దొర అడిగిన మాటకు జవాబు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నిజమో కల్లో అన్నది పక్కన పెడదాం. శిస్తు వసూలు చేసిన పరాయి అధికారికి మన జనం తమ పుణ్యాత్ముల వరసలో చోటిచ్చారు. నాకు ఆశ్చర్యం అది.

అప్పటికి పదేళ్ళుగా వాంతిభేదులు దేశాన్ని ఊపేస్తున్నాయి. 1817లో బెంగాల్‌లో మొదలై పటాలాల వెంట, యాత్రికుల వెంట దారులన్నీ పట్టుకుని వచ్చింది కలరా. దానికి నీళ్ళే కారణమని అప్పటికి ఎవరికీ తెలీదు. జులై మొదటి వారంలో గవర్నరు విడిది గుత్తి చేరింది. వెంట ఉన్నవాళ్ళలో కొందరికి జబ్బు తగిలింది. చోటు మారిస్తే మంచిదని ముందుకు కదిలారు. జులై 6 పొద్దున పత్తికొండ చేరారు. డేరాలు వేశారు. ఆ పూటే ఆయనకు మొదలైంది.

పగలంతా చుట్టూ ఉన్నవాళ్ళు సేవ చేశారు. అంటుజబ్బు, మీరంతా ఈ డేరాలోంచి వెళ్ళిపోండని ఆయనే వాళ్ళను బతిమాలాడు. ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం కాస్త తేరుకున్నట్టనిపించింది. ఇంత ప్రేమగా చూసుకునేవాళ్ళుంటే జబ్బు చేసినా ఫరవాలేదనిపిస్తోందని తమాషా కూడా చేశాడు. కాన్వాసు గుడ్డ మీద పడుకున్న కుర్రవాడు ఆ మాటలో ఇంకా ఉన్నాడు. సాయంత్రానికి మళ్ళీ దిగజారింది. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. ఈ దేశంలో కాలుపెట్టిన 47 ఏళ్ళకు, మళ్ళీ డేరాలోనే. మరునాడు గుత్తిలో, కోట కొండ కింద సమాధి చేశారు.

ఇప్పుడు అవ్వ ప్రశ్న. ఆయప్ప పెండ్లాం యాడుండె?

సముద్రాల అవతల, ఇద్దరు పిల్లలతో, ఆయన కోసం ఎదురుచూస్తూ ఉంది. ఈ దేశం కబురు ఆ దేశం చేరడానికి నాలుగైదు నెలలు. జులై 6 రాత్రి పత్తికొండలో ఆయన కన్నుమూసినప్పుడు ఆమె ఉన్నచోట ఇంకా సాయంత్రమే అయి ఉంటుంది. ఆ తర్వాత కూడా నెలల తరబడి ఆమెకు సంగతి తెలీదు. ఆయన ఇంటికి బయల్దేరే ఉంటాడని లెక్కలు వేసుకుని ఉంటుంది. ఆయన పంపిన ఉత్తరాలు ఓడల్లో వస్తూనే ఉండి ఉంటాయి. గిండీ తోటలో ఏ చెట్టు పూసిందో చెప్పే ఉత్తరాన్ని ఆమె చదివే వేళకు, రాసిన చెయ్యి గుత్తి మట్టిలో ఉంది. పెళ్ళయి పదమూడేళ్ళు. అందులో ఓడల మీద, యుద్ధాలకు, విడిగా గడిచిన నెలలు తీసేస్తే కలిసి కాపురం చేసింది ఎన్నాళ్ళో మీరే లెక్క వేయండి. కొత్త గవర్నరు లషింగ్టన్ అదే ఏడాది అక్టోబరులో మద్రాసులో దిగాడు. మూడు నెలల ముందు వచ్చి ఉంటే!

మన్రో అస్థికల్ని 1831లో గుత్తినుంచి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పత్తికొండలో డేరా వేసిన చోట సర్కారు చింతతోపు నాటించి, రాతిమెట్ల బావి తవ్వించింది. గుత్తిలో బాటసారులకు సత్రం కట్టించింది. మద్రాసు మౌంట్ రోడ్డు దగ్గర గుర్రం మీద కూర్చున్న మన్రో విగ్రహాన్ని 1839లో నిలబెట్టారు. శిల్పి చాంట్రీ. ఆ గుర్రానికి జీనూ లేదు, కాలు పెట్టుకునే రికాబులూ లేవు. నేను చూసినప్పుడు, ఈ మనిషిని దిగనిచ్చేలా లేరే అనుకున్నాను.

పుస్తకం చదివి అవ్వకు చెబుదామంటే అవ్వ లేదు. ఉంటే ఏమనేదో నాకు తెలుసు. బిడ్డను ఎవరికో ఇచ్చి వచ్చినందుకు జేన్‌ను ఒక తిట్టు తిట్టి, తర్వాత ఆమె కోసం కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

మన సీమలో మగపిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకున్నారని చదువుతుంటాం. అవ్వ చిన్నతనంలో వాళ్ళ వీధిలో అలాంటి తాత ఒకాయన ఉండేవాడట. రేషను, ఓట్లు లాంటివి వచ్చాక ఎవరో ఇంటికొచ్చి పేర్లు రాసుకుంటూ, ఇంటి యజమాని పేరేమిటని ఆయన భార్యను అడిగారట. మొగుడి పేరు నోటితో చెప్పని కాలం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊరి బయటి చింతతోపు వైపు చెయ్యి చూపించిందట.